నీళ్ల బాయిలరు: పొగలో పోయే వేడిని పట్టుకోవడం ఎలా?

చలికాలంలో హాస్టల్ విద్యార్థికి అన్నిటికంటే కష్టమైన పీరియడ్ ఏ టైంటేబుల్లోనూ కనిపించదు. స్టడీ అవర్‌కీ టిఫిన్ గంటకీ మధ్య చేసే స్నానమే అది. మేడమీది ట్యాంకులో రాత్రంతా చల్లారిన నీళ్లు మొదటి చెంబు వీపు మీద పడగానే ఊపిరి ఆగినంత పనవుతుంది. మైదాన ప్రాంతాల్లోనే ఇలా ఉంటే ఆదిలాబాద్, లంబసింగి, అరకు వైపు సంగతి చెప్పనక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగిపోతుంది. పిల్లలు రెండు మూడు రోజులు స్నానం ఎగ్గొట్టి, ముఖం మాత్రం తడుపుకుని ప్రార్థనకి వస్తారు. జ్వరంతో ఉన్న పిల్లవాడికి, నెలసరిలో ఉన్న ఆడపిల్లకి నాలుగు చెంబుల వేడినీళ్లు కావాలంటే వంటగది గుమ్మం దగ్గర నిలబడి బతిమాలుకోవాలి.

ఆ నాలుగు చెంబుల కోసమే ఈ వ్యాసం. ఆరుబయట కట్టెలతో నడిచే నీళ్ల బాయిలరును మన మండల కేంద్రంలోని వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. అది ఎలా పనిచేస్తుందో, ఎలా కట్టాలో, ఎక్కడ ప్రాణం మీదికి వస్తుందో చెబుతాను. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు సైన్సు పుస్తకంలో చదివిన విశిష్టోష్ణం, గుప్తోష్ణం, సంవహనం అన్నీ ఇందులో వస్తాయి. సోలార్ హీటర్లు చక్కగా పనిచేస్తున్న హాస్టళ్లవాళ్లకి దీని అవసరం లేదు. మబ్బు పట్టిన రోజులకి, మరమ్మతు కోసం ఎదురుచూసే నెలలకి మాత్రం పనికొస్తుంది.

ముందు లెక్క

ఒక విద్యార్థి స్నానానికి ఒక బకెట్, అంటే 16 లీటర్ల గోరువెచ్చని నీళ్లు అనుకుందాం. 80 డిగ్రీల వేడినీళ్లు 6 లీటర్లు, 20 డిగ్రీల చల్లనీళ్లు 10 లీటర్లు కలిపితే 42 డిగ్రీల పైచిలుకు నీళ్లు వస్తాయి. ఆరును 80తో, పదిని 20తో హెచ్చవేసి, కూడి, 16తో భాగించి చూడండి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలో కేలరీ కావాలి. వందమందికి 1,600 లీటర్లు, పెరగాల్సింది 22.5 డిగ్రీలు. అంటే రోజూ 36,000 కిలో కేలరీలు.

ఇదే కరెంటుతో చేస్తే రోజుకి 42 యూనిట్లు. 1,500 వాట్ల రాడ్డు ఒక్కటి పెట్టి కాచుకుంటూ కూర్చుంటే 28 గంటలు పడుతుంది. వార్డెన్‌కి తెలియకుండా ట్రంకు పెట్టెలో దాచుకునే ఇమ్మర్షన్ రాడ్డు గురించి ఇక్కడే ఒక మాట. తడి నేల, ఇనుప బకెట్, అతుకులు వేసిన వైరు, నీళ్లు కాగాయో లేదో చూడటానికి స్విచ్చి ఆపకుండా పెట్టే వేలు... ఈ నాలుగూ కలిస్తే ఏమవుతుందో పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

ఇప్పుడు కట్టెల లెక్క. బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 3,600 కిలో కేలరీల వేడి ఇస్తుంది. ఆ వేడంతా నీళ్లలోకే వెళ్తే వందమంది స్నానానికి 10 కిలోలు చాలు. వినడానికి నమ్మబుద్ధి కాదు. మూడు రాళ్ల మీద కాగు పెట్టి నీళ్లు కాచినవాళ్లని అడిగితే 10 కిలోలు ఏ మూలకీ సరిపోవంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే. మూడు రాళ్ల పొయ్యి కట్టెలోని వేడిలో 10 నుంచి 15 శాతమే గిన్నెకి అందిస్తుంది. ఎనిమిదో వంతు అనుకుంటే 80 కిలోల కట్టెలు కావాలి. అందులో 70 కిలోలు పెరటి గాలిని వేడిచేయడానికే తగలబడ్డాయన్నమాట. కనీసం సగం వేడిని నీళ్లలోకి పంపగలిగితే 20 కిలోలతో పని జరుగుతుంది. అరవై రోజుల చలికి చూస్తే 4,800 కిలోలకి బదులు 1,200 కిలోలు. మిగిలిన ఆ 3,600 కిలోల కట్టెలు ఎవరో ఒకరు కొట్టాలి, మోపు కట్టి మోయాలి. మన ఇళ్లలో ఆ మోపు ఎవరి నెత్తిన ఉంటుందో మీకు తెలుసు.

పొగ అంటే కాలని కట్టె

కట్టెను నిప్పులో పెడితే మొదట మండేది కట్టె కాదు. వేడికి దానిలోంచి వాయువులు బయటికి వస్తాయి. ఎండు కట్టె బరువులో మూడొంతుల దాకా ఇలా వాయువుగానే పోతుంది. మనం చూసే పసుపు మంట ఆ వాయువులదే. మిగిలిన బొగ్గు ఆఖర్న నిప్పుకణికలై కాలుతుంది. ఈ వాయువులు పూర్తిగా మండాలంటే చాలినంత గాలి ఉండాలి, చుట్టూ 600 డిగ్రీలకి పైబడిన వేడి ఉండాలి, మంట సాగడానికి కాస్త చోటు ఉండాలి. వీటిలో ఒక్కటి తగ్గినా అవి మండకుండానే పొగగా వెళ్లిపోతాయి. మన కళ్లు మండించేదీ, మన కట్టెలు దండగ చేసేదీ ఆ పొగే.

గిన్నె అడుగుకి మసి ఎందుకు పడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? లోపల నీళ్లున్నంతసేపు ఆ గిన్నె లోహం 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. మనకది చేయి కాల్చే వేడి. 800 డిగ్రీల మంటకి మాత్రం అది మంచుగడ్డతో సమానం. మంట ఇంకా పూర్తిగా మండకముందే దానికి తగిలితే అక్కడికక్కడే చల్లారి మసి అవుతుంది. నీళ్లు త్వరగా కాగాలని మంటకి నాలుగు వైపులా నీళ్లు పెట్టడం మంచి ఉపాయంలా కనిపిస్తుంది. నిజానికి చెడగొట్టేది అదే. ముందు మంటని వేడెక్కిన ఇటుక గోడల మధ్య పూర్తిగా మండనివ్వాలి, ఆ తర్వాతే ఆ వేడి వాయువుని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి.

ఈ సంగతి అమెరికాలో చాలా ఖర్చు పెట్టి తెలుసుకున్నారు. అక్కడ ఉత్తరాన మిన్నెసోటా, విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాల పల్లెల్లో ఇల్లు వేడిచేసుకోవడానికే ఆరుబయట కట్టెల బాయిలరు పెట్టుకుంటారు. చూడటానికి పెరట్లో చిన్న రేకుల గదిలా ఉంటుంది, దాని మీద ఒక పొగగొట్టం. లోపల పెద్ద పొయ్యి, దాని చుట్టూ కొన్ని వందల లీటర్ల నీళ్లు. వేడెక్కిన నీటిని మోటారు భూమిలో పాతిన పైపుల గుండా ఇంట్లోకి తోస్తుంది. గదులకి వేడి ఇచ్చి చల్లారిన నీళ్లు తిరిగి బాయిలరుకి వస్తాయి. నిప్పు, బూడిద, కట్టెల చెత్త అన్నీ ఇంటి బయటే ఉంటాయి కాబట్టి రైతులకి నచ్చింది. చేతిలో వెల్డింగ్ పని ఉన్నవాళ్లు సొంతంగానే తయారుచేసుకున్నారు. అయితే పాత నమూనాల్లో మంట చుట్టూ నేరుగా నీళ్లే ఉండేవి. పైగా నీళ్లు తగినంత వేడెక్కగానే గాలి తలుపు దానంతటదే మూసుకునేది. కట్టెలు మండలేక, ఆరలేక గంటల తరబడి పొగలు కక్కేవి. ఇరుగుపొరుగువాళ్లు ఫిర్యాదులు చేశారు. కొన్ని రాష్ట్రాలు ఆంక్షలు పెట్టాయి. 2015లో అక్కడి పర్యావరణ సంస్థ కొత్తగా తయారయ్యే బాయిలర్లకి దేశమంతటా పొగ పరిమితులు విధించింది, 2020 నుంచి వాటిని ఇంకా బిగించింది. ఆ దేశంలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు పల్లెల వైపు వెళ్లినప్పుడు ఇలాంటివి చూసే ఉంటారు.

మనకి గదులు వేడిచేయాల్సిన పని లేదు, నీళ్లు కాగితే చాలు. మోటారు, భూమిలో పైపులు ఏవీ అక్కర్లేదు. మనకి కావలసిన నమూనా మన దేశంలోనే ఉంది. పాత ఇళ్లలో రాగి బాయిలరు చూసే ఉంటారు. మధ్యలో నిలువు గొట్టం, అందులో బొగ్గులు, చుట్టూ నీళ్లు, కింద కుళాయి. మహారాష్ట్రలో దాన్నే బంబ్ అంటారు. హిమాచల్ ప్రదేశ్ కొండ ఊళ్లలో వాడే హమామ్ ఇంకో అడుగు ముందుకేసింది. దానికి పైన ఒక గరాటు ఉంటుంది. గరాటులో ఒక చెంబు చల్లనీళ్లు పోస్తే అవి అడుగుకి చేరి, పైన తేలి ఉన్న వేడినీళ్లని అంతే కొలతకి బయటికి తోస్తాయి. చెంబు పోస్తేనే చెంబు వస్తుంది. వేడినీళ్లు తేలికై పైకి చేరతాయన్న సంవహన సూత్రం తప్ప ఇందులో యంత్రం ఏమీ లేదు. దీనివల్ల బాయిలరు ఎప్పుడూ ఖాళీ కాదు. హాస్టల్లో ఇది చాలా పెద్ద లాభం. అడుగున కుళాయి ఉంటే మొదట లేచిన పదిమంది నీళ్లన్నీ వంచుకుపోతారు, కింద మంట మండుతూనే ఉంటుంది, ఉత్త డ్రమ్ము ఎర్రగా కాలి అతుకులు విడిపోతాయి. గరాటు పద్ధతిలో ఆ గొడవ లేదు. నీళ్లు పోయనివాడికి నీళ్లు రావు. క్యూలో పోట్లాటలు కూడా కొంత తగ్గుతాయి.

కట్టే విధానం

ఈ బాయిలరులో కింద ఇటుకల పొయ్యి, పైన ఇనుప డ్రమ్ము, డ్రమ్ము లోపల నిలువుగా మూడు గొట్టాలు, ఆపైన పొగగొట్టం ఉంటాయి.

డ్రమ్ముకి మామూలు 200 లీటర్ల పీపా వాడొచ్చు. దాని రేకు పలచన కాబట్టి వెల్డింగ్‌కి ఓ పట్టాన లొంగదు, త్వరగా తుప్పు పట్టి తూట్లు పడుతుంది. నన్నడిగితే అదే కొలతలో, అంటే 57 సెంటీమీటర్ల వ్యాసం, 88 సెంటీమీటర్ల ఎత్తులో 3 ఎంఎం ఇనుప షీటుని రోల్ చేయించుకోవడమే మేలు. షీటుకి 50 కిలోలు, గొట్టాలకి 30 కిలోల పైన, మొత్తం రమారమి 80 కిలోల ఇనుము పడుతుంది. మీ ఊరి కిలో ధరతో హెచ్చవేసి, కూలి కలుపుకుంటే ఖర్చెంతో తెలిసిపోతుంది. పాత పీపానే వాడేటట్లయితే పురుగుమందులవి, రసాయనాలవి దగ్గరికి రానివ్వకండి. నూనె, థిన్నరు ఉన్న పీపాని కడిగినట్టు కనిపించినా నేరుగా గ్రైండరుతో కోయకూడదు. లోపల మిగిలిన ఆవిరి నిప్పురవ్వ తగిలి పేలుతుంది. కోసే చోటు వరకూ నీళ్లు నింపి కోయాలి. జింకు పూత ఉన్న రేకుని వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి వణుకుతో జ్వరం వస్తుంది. వెల్డరుకి ఈ విషయం తెలిసే ఉంటుంది, పక్కన నిలబడి చూసే మీకే తెలియకపోవచ్చు.

గొట్టాల సంగతి లెక్కల మాస్టారిని అడగదగ్గది. ఆరంగుళాల గొట్టం ఒకటి పెట్టాలా, నాలుగంగుళాలవి మూడు పెట్టాలా? వేడి నీళ్లలోకి చేరేది గొట్టం గోడ గుండా. కాబట్టి మనం చూడాల్సింది చుట్టుకొలత. ఒకటైతే 6 పై, మూడైతే 12 పై. నీటికి తగిలే గోడ సరిగ్గా రెట్టింపైంది. పొగ పోయే దారి కూడా ఇరుకు కాలేదు, ఇంకా పెరిగింది. వ్యాసాల వర్గాలు పోల్చితే 36కి 48. మరి రెండంగుళాలవి పన్నెండు పెడితే ఇంకా మంచిది కదా అంటారు. లెక్క ప్రకారం నిజమే, కానీ వారం తిరక్కుండా మసితో పూడుకుపోతాయి. బ్రష్షు పట్టే సైజే సరైన సైజు.

మూడు గొట్టాలూ డ్రమ్ము అడుగు పలక నుంచి పై పలక దాకా వెళ్లాలి. రెండు చివరలా చుట్టూ తెగకుండా వెల్డింగ్ పడాలి. పై పలకకి నాలుగంగుళాల కింద డ్రమ్ము పక్కన వేడినీళ్లు వచ్చే కొమ్ము, అంగుళం పైపుది. గరాటు పైపు ఒకటిన్నర అంగుళాలది, పై పలక గుండా దిగి అడుగుకి మూడంగుళాల ఎత్తులో ఆగాలి. దాని చివర కింద చిన్న రేకు బిళ్ల ఉంటే పోసిన చల్లనీళ్లు పైకి ఎగదన్నకుండా అడుగున పరుచుకుంటాయి. గరాటు అంచు కొమ్ముకంటే కనీసం జానెడు ఎత్తులో ఉండాలి, లేకపోతే నీళ్లు అటు పోయే బదులు ఇటే పొంగుతాయి. పై పలక మీద ఇంకో పైపు, రెండంగుళాలది, ఊరికే ఆకాశంలోకి తెరిచి ఉంచాలి. అదెందుకో కాసేపట్లో చెబుతాను. అడుగున ఒక ప్లగ్గు, నీళ్లు ఖాళీ చేయడానికి. అక్కడ కుళాయి పెట్టొద్దు. స్పానరు లేనిదే తెరుచుకోకూడదన్నదే ఉద్దేశం.

పొయ్యికి మామూలు కాల్చిన ఇటుకలు చాలు, అతుక్కి సిమెంటు కాక బంకమట్టి వాడాలి. సిమెంటు మంట వేడికి పగిలి రాలిపోతుంది. మట్టిలో జల్లించిన ఇసుక, కాస్త ఊక కలిపి బాగా తొక్కితే బీటలు తగ్గుతాయి. కింద బూడిద గుంట, దాని మీద 12 ఎంఎం చువ్వల జాలీ. గాలి ఈ జాలీ కింద నుంచి కట్టెల్లోకి రావాలి. జాలీకీ డ్రమ్ము అడుగుకీ మధ్య కనీసం 15 అంగుళాల ఎత్తు వదలండి. చాలామంది నీళ్లు త్వరగా కాగాలని డ్రమ్ముని మంట మీదికి దించేస్తారు. పైన చెప్పిన మంచుగడ్డ సంగతి ఇక్కడే గుర్తు చేసుకోవాలి. ఆ 15 అంగుళాలు మంట మండే గది. నీళ్లు నిండిన డ్రమ్ము పావు టన్ను బరువు ఉంటుంది కాబట్టి చుట్టూ తొమ్మిదంగుళాల గోడ మీద కూర్చోబెట్టాలి. డ్రమ్ము చుట్టూ మూడు నాలుగు అంగుళాల జాగా వదిలి ఇంకో ఒంటి ఇటుక గోడ లేపి, మధ్యలో పొడి బూడిద కూరితే దుప్పటి కప్పినట్టే.

మూడు గొట్టాల మీదా రేకు టోపీ ఒకటి బోర్లించి, దాని మీద ఆరంగుళాల పొగగొట్టం నిలబెట్టాలి. టోపీ ఊడదీసేలా ఉండాలి, శుభ్రం చేయడానికి. పొగగొట్టం ఎత్తు 10, 12 అడుగులకి తగ్గకూడదు. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి బరువెక్కి ఉంటుంది, పొగ పైకి లేవకుండా చాపలా పరుచుకుంటుంది. అది చదువుకునే గదిలోకి రాకూడదంటే ఎత్తు కావాలి. మనవైపు ఆ నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి భవనానికి నైరుతి మూల అనుకూలం.

కట్టాక ఒక రాత్రంతా నీళ్లు నింపి ఉంచి కారుతోందేమో చూడాలి. వారం రోజులు చిన్న మంటలతో మట్టి ఆరనివ్వాలి. ఇలా కట్టినదానిలో 170 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. 20 నుంచి 80 డిగ్రీలకి రావడానికి ఆరు కిలోల లోపు ఎండు కట్టెలు, గంట సమయం పడుతుంది. దాదాపు 28 మందికి సరిపోతుంది. వందమందికి ఒక్కటే ఉంటే మూడు గంటల పైన మండించాలి. రెండు కట్టుకుంటే తీరికగా సరిపోతుంది. నీళ్లు వేడెక్కుతున్నప్పుడు ఎవరూ పోయకుండానే కొమ్ములోంచి నాలుగైదు లీటర్లు కారుతుంటాయి. కంగారు పడొద్దు, నీరు వ్యాకోచిస్తోంది, అంతే.

మూయకూడని గొట్టం

ఇప్పుడు ఆ రెండంగుళాల పైపు. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు కావాలంటుంది. ఆ చోటు దొరక్కపోతే డ్రమ్ముని చీల్చుకుని వెళ్తుంది. డ్రమ్ము పై పలక వైశాల్యం 2,550 చదరపు సెంటీమీటర్లు. లోపల ఆవిరి పీడనం చదరపు సెంటీమీటరుకి ఒక్క కిలో పెరిగినా పలక మీద రెండున్నర టన్నుల తోపుడు పడుతుంది. ఒక ఏనుగు లోపలి నుంచి మూతని తోస్తున్నట్టు. అంత బలాన్ని తట్టుకునేలా ఏ వెల్డింగ్ షాపూ మనకి డ్రమ్ము చేసివ్వదు, చేసివ్వమని అడగనూ కూడదు. 1865లో అమెరికాలో మిసిసిపీ నది మీద సుల్తానా అనే స్టీమరు బాయిలర్లు పేలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆవిరి బాయిలర్ల మీద మన దేశంలో 1923లోనే చట్టం చేశారు, 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. ఇనస్పెక్టర్లు, సర్టిఫికెట్లు అన్నీ ఊరికే పెట్టలేదు.

మనం కట్టుకునేది పేరుకే బాయిలరు. నోరు తెరిచి ఉన్నంతకాలం అది కాగు లాంటిదే. నోరు మూస్తే బాంబు. అందుకే ఆ పైపుకి కుళాయి పెట్టకూడదు, వాల్వు పెట్టకూడదు, చెత్త పడుతుందని గుడ్డ కుక్కకూడదు. వాన పడకుండా వంచాలనుకుంటే వంచొచ్చు, దారి మాత్రం తెరిచే ఉండాలి. కొమ్ముకి రబ్బరు గొట్టం తొడిగి బాత్‌రూముల దాకా లాగి చివర కుళాయి బిగిద్దామన్న ఆలోచన ఎవరికో ఒకరికి తప్పకుండా వస్తుంది. అటువంటి తెలివి వచ్చినప్పుడు కూడా కాపాడేది ఆ రెండో పైపే. మంట ఉండగా గరాటు పైపుని కూడా మూయవద్దు.

పేలడం అరుదు. ఒళ్లు కాలడం అరుదు కాదు. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి, కొమ్ములోంచి వచ్చేవి 80 డిగ్రీలవి. చిన్నపిల్లల చర్మం పలచన కాబట్టి ఇంకా త్వరగా కాలుతుంది. బకెట్లో ముందు చల్లనీళ్లు, ఆ తర్వాతే వేడినీళ్లు. ఈ వరుస ఎవరూ తప్పకూడదు. గరాటులో నీళ్లు పోయడం, బకెట్ పట్టడం పెద్దవాళ్ల పని. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలకి కలిపిన నీళ్లే ఇవ్వాలి. పొయ్యి రాజేయడం వాచ్‌మనో, వంటవాళ్లో చేయాలి తప్ప విద్యార్థులకి వంతులు వేయకూడదని నా అభిప్రాయం. ఒకవేళ కాలితే 20 నిమిషాల సేపు ఆ చోటు మీద మామూలు కుళాయి నీళ్లు ధారగా పారనివ్వాలి. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు ఏదీ రాయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంకొక ప్రమాదం కంటికి కనిపించదు. స్నానాలయ్యాక పొయ్యిలో ఎర్రటి నిప్పులు మిగులుతాయి. చలిగా ఉందని వాటిని బొచ్చెలో ఎత్తి గదిలో పెట్టుకుని తలుపులు మూసుకుంటే ప్రాణాలు పోతాయి. పొగ రాని నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, దగ్గు రాదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. బాయిలరు ఆరుబయట ఉండాలని ఇంతగా చెప్పడానికి మొదటి కారణం ఇదే. గోడలు మూసిన షెడ్డు కూడా వద్దు, నాలుగు స్తంభాల మీద రేకు చాలు.

కట్టెలు

పచ్చి కట్టె బరువులో ఇంచుమించు సగం నీరే. కిలో పచ్చి కట్టె కొంటే అర కిలో నీళ్లు కొన్నట్టు. ఆ నీరు ఆవిరి కావడానికి గ్రాముకి 540 కేలరీల గుప్తోష్ణం కావాలి. 20 నుంచి 100 డిగ్రీలకి రావడానికి ఇంకో 80. అంటే ప్రతి కిలోలోనూ 310 కిలో కేలరీలు మనకి దక్కకుండా పోతాయి. నష్టం అంతటితో ఆగదు. ఆ ఆవిరి మంటని చల్లబరుస్తుంది, చల్లబడిన మంటలో వాయువులు కాలవు, మళ్లీ పొగ. అసలు నష్టం అక్కడ. అందుకే చలికాలపు కట్టెలు ఎండాకాలంలోనే చీల్చి, వాన తగలకుండా, గాలి ఆడేలా పేర్చి పెట్టాలి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే టంగుమనాలి. దబ్బుమంటే ఇంకా పచ్చి ఉన్నట్టే. మణికట్టు లావుకి మించినవి చీల్చాలి.

సర్కారు తుమ్మ బరువైన కట్టె, నిప్పు బాగా నిలుస్తుంది, పొలాల్ని ఆక్రమించే కంప కాబట్టి కొడితే ఎవరూ కాదనరు. కంది కట్టె, పత్తి కట్టె రాజేయడానికి బాగుంటాయి కానీ క్షణాల్లో మండిపోతాయి, ఒక మనిషి అక్కడే ఉండి వేస్తుండాలి. మొక్కజొన్న బెండ్లు ఎండితే మంచి మంట ఇస్తాయి. గన్నేరు కట్టె, రంగు వేసిన చెక్క, టైరు ముక్కలు, ప్లాస్టిక్ సంచులు వేయకూడదు, ఆ పొగ విషం. పొయ్యి నిండా ఒకేసారి కుక్కకుండా నాలుగైదు కట్టెల చొప్పున వేస్తూ, గాలి దారి తెరిచి ఉంచి గట్టిగా మండనివ్వాలి. పొగగొట్టం కొసన పొగ కనిపించకుండా వేడిగాలి మాత్రమే అలలుగా ఆడుతుంటే పొయ్యి సరిగ్గా మండుతున్నట్టు. నల్లగానో, దట్టమైన తెలుపుగానో పొగ వస్తుంటే కట్టె పచ్చిదన్నా అయి ఉండాలి, గాలి చాలకన్నా ఉండాలి.

వారానికోసారి టోపీ తీసి గొట్టాల్లోని మసిని బ్రష్షుతో దులపాలి. మసి పొర వేడిని నీళ్ల దాకా రానివ్వదు. లోపలి వైపు బోరు నీళ్లున్న ఊళ్లలో సున్నపు పొర కడుతుంది. తాత్కాలిక కాఠిన్యత గురించి చదివారు కదా, మరిగినప్పుడు అడుగున పేరుకునే ఆ తెల్లటి పొరే ఇది. వాననీళ్లో, చెరువు నీళ్లో దొరికితే వాటితో నింపడం మేలు. ఇనుప డ్రమ్ము కాబట్టి మొదటి నీళ్లు కాస్త ఎర్రగా వస్తాయి. స్నానానికి ఇబ్బంది లేదు, తాగడానికీ వంటకీ వాడకూడదు. శివరాత్రి దాటి చలి తగ్గాక ప్లగ్గు విప్పి నీళ్లన్నీ వదిలేసి, చిన్న మంటతో లోపలి తడి ఆరేంత సేపు మాత్రం వెచ్చబెట్టి, పొగగొట్టం మీద డబ్బా బోర్లించాలి. తడి బూడిద ఇనుముని తినేస్తుంది కాబట్టి పొయ్యిలో బూడిదంతా ఎత్తేయాలి. మళ్లీ దసరా సెలవుల తర్వాత ఆ డబ్బా తీయడం మరిచిపోకుండా, పొయ్యి తలుపు మీద సుద్దతో రాసి పెట్టండి.